జీపు చెబుతుంది... వినాలంతే!

రాళ్ల దారి, రేగడి బురద, నడినెత్తిన మండే ఎండ... కర్నూలు, కడప ప్రాంతాల్లో పాత జీపు నడపడమంటే రోజుకో రిపేరుతో కాపురం చేయడమే. అయినా ఆ బండ్లు అడవుల్లోకి వెళ్తూనే ఉన్నాయి, కొండలు ఎక్కుతూనే ఉన్నాయి. ఎలా?

రాయలసీమ అనగానే సినిమాల్లో గాల్లోకి లేచే సుమోలే చాలామందికి గుర్తొస్తాయి. దుమ్ము రేపుకుంటూ పది బండ్లు ఒకేసారి వచ్చి ఆగుతాయి. వాటిలో ఒక్కటీ మధ్యదారిలో మొరాయించదు. ఒక్కదాని రేడియేటరూ పొగలు కక్కదు. నిజం బండ్ల కథ అలా ఉండదు. అక్కడ డ్రైవరు తలపడేది ఎదుటి బండితో కాదు, తన బండితోనే! పోయిన నెల వేయించిన కమాన్ కట్ట ఈ నెల మళ్లీ విరుగుతుంది. మొన్న మార్చిన క్రాస్ మళ్లీ కటకటమంటుంది. నీళ్లు నింపిన గంటకే ఇంజిన్ వేడెక్కుతుంది. 'ఈ బండితో వేగలేను' అని డ్రైవరు రోజుకు నాలుగుసార్లు తిట్టుకుంటాడు. తెల్లారేసరికి అదే బండికి నిమ్మకాయ కట్టి, దణ్ణం పెట్టి బయల్దేరతాడు.

రాళ్లే రోడ్డు

అలాంటి బండ్ల సత్తా చూడాలంటే అహోబిలం వెళ్లాలి. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు. నవ నారసింహుల్లో కొందరిని మెట్లెక్కి చూడాలి. కొందరి దగ్గరికి వాగు వెంట నడిచి వెళ్లాలి. పావన నృసింహస్వామి మాత్రం నల్లమల లోపల కొలువయ్యాడు. నడవలేనివాళ్లకి జీపే దిక్కు. మామూలు కార్లు ఆ దారికి పనికిరావు.

దారి అంటే తారు ఉండదు, కంకరా ఉండదు. బండరాళ్లు, చెట్ల వేర్లు, వాన నీళ్లు కోసేసిన గుంతలు. ఒక చక్రం రాయి మీద ఉంటే ఇంకోటి గోతిలో ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్లు పై రాడ్డును రెండు చేతులా పట్టుకుని 'గోవిందా' అనుకోవాల్సిందే. కిలోమీటర్ల లెక్కన చూస్తే చిన్న ప్రయాణమే. కానీ దిగాక ఒళ్లు చెప్పే లెక్క వేరు! మనిషి ఒళ్లే అలా అయితే, రోజూ అదే దారిలో తిరిగే బండి సంగతి చెప్పాలా?

యుద్ధంలో పుట్టిన బండి

ఈ దారులకి జీపే ఎందుకు? దాని పుట్టుకలోనే జవాబుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. బురదలో నడవాలి, రాళ్లు ఎక్కాలి, పాడైతే సైనికుడే పానా పట్టుకుని బాగుచేసుకోవాలి. అదీ ఆ బండిని తయారుచేసిన పద్ధతి. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ వాటిని మన దేశానికి తెచ్చింది. 1953లో అమెరికాలో విడుదలైన సీజే-3బీ రకం అక్కడ 1968లో ఆగిపోయింది. ఇక్కడ మాత్రం ఆ రూపురేఖలతోనే దశాబ్దాలపాటు బండ్లు వస్తూనే ఉన్నాయి. ఎంఎం 540, మేజర్, కమాండర్... పేర్లు మారినా అడుగున గట్టి ఇనుప ఛాసిస్, కమాన్ కట్టలు, నిండు యాక్సిల్ మాత్రం అలాగే ఉన్నాయి. 2000లో బొలేరో, 2010లో థార్ వచ్చేనాటికి సీమ పల్లెల్లో ఈ పాత జీపులు ఇంటి మనుషులైపోయాయి.

పల్లెలకి అవి ఒట్టి బండ్లు కావు. 2005లో 108 వాహనాలు మొదలయ్యేదాకా చాలా ఊళ్లలో నొప్పులు పడుతున్న తల్లిని ఆసుపత్రికి చేర్చింది జీపే. సంతకి సరుకు మోసింది జీపే. పెళ్లివారిని దించిందీ జీపే. అందుకే దానికొచ్చే రోగం ఇంటికొచ్చిన రోగంతో సమానం. రెండు రోజులు షెడ్డులో పడితే రెండు రోజుల కిరాయి పోతుంది. అడవి మధ్యలో ఆగితే ఇంకా కష్టం. నల్లమలలో చాలాచోట్ల సెల్‌ఫోన్ సిగ్నలే ఉండదు. పైగా అది దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యమాయె!

రోగం బండిదా... నీటిదా?

అసలు అదే రిపేరు మళ్లీమళ్లీ ఎందుకొస్తుంది? అనుభవం ఉన్న మెకానిక్కులు విరిగిన ముక్కని మార్చి ఊరుకోరు. అది ఎందుకు విరిగిందో వెతుకుతారు. కిటుకంతా అక్కడే ఉంది.

ఇంజిన్ వేడెక్కడాన్నే తీసుకోండి. ఎండాకాలంలో కర్నూలు, నంద్యాల, కడపల్లో 42 డిగ్రీలు దాటడం మామూలే. తప్పంతా ఎండదే అనుకుంటాం. కానీ ఈ నేలలో సున్నపురాయి పొరలు ఎక్కువ. యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల చుట్టూ నాపరాళ్ల గనులు వెలిసింది అందుకే. ఆ పొరల్లోంచి వచ్చే బోరునీళ్లలో చాలాచోట్ల లవణాలెక్కువ. వంటింట్లో నీళ్లు కాచే గిన్నెకి తెల్లటి పొర పట్టడం ఇక్కడి ఇల్లాళ్లందరికీ తెలిసిందే. సరిగ్గా అదే పొర రేడియేటరు సన్నటి గొట్టాల్లోనూ పడుతుంది. నీళ్లు సరిగా తిరగవు. ఇంజిన్ కాలిపోతుంది. డ్రైవరు ఆగి మళ్లీ బోరునీళ్లే పోస్తాడు. పొర ఇంకాస్త మందమవుతుంది! కొందరైతే విసుగొచ్చి థర్మోస్టాట్ వాల్వునే పీకేస్తారు. అప్పటికి సూది కిందికి దిగినట్టే ఉంటుంది. ఇంజిన్‌కి కావలసినంత వేడి అందక డీజిల్ ఖర్చు, అరుగుదల పెరుగుతాయి. అసలు మందు చవకైనదే... ఏడాదికోసారి రేడియేటరు కడిగించడం, కూలెంట్ వాడటం, దారిలో పోయడానికి మంచినీళ్ల క్యాను వెంట ఉంచుకోవడం.

కమాన్ కట్టలదీ అదే కథ. పట్టీ విరగ్గానే 'పాడు రోడ్డు' అని తిట్టుకుంటాం. రోడ్డు పాడుదే, కాదనలేం. కానీ పట్టీ సరిగ్గా మధ్యలో విరిగిందంటే అనుమానించాల్సింది యూ బోల్టుల్ని. అవి వదులైతే పట్టీలు ఒకదానిమీద ఒకటి కదిలి, సెంటర్ బోల్టు దగ్గర బరువంతా పడి పుటుక్కుమంటాయి. పట్టీ ఒక్కటే మార్చి బోల్టు బిగించకపోతే నెల తిరక్కుండా మళ్లీ షెడ్డుకే. ఇక ఎనిమిది మంది ఎక్కాల్సిన బండిలో పదహారు మందిని ఎక్కిస్తే ఏ బోల్టు బిగించీ లాభం లేదు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ సంగతీ అంతే. గ్రీజు అందకపోతే లోపలి సూదుల్లాంటి బేరింగులు ఎండి అరిగిపోతాయి. కట్టలు కుంగిపోతే షాఫ్ట్ వంపు మారి కొత్త క్రాస్ కూడా త్వరగా పోతుంది. అంటే రోగం ఒకచోట, నొప్పి ఇంకోచోట!

దుమ్ము, బురద... రెండూ శత్రువులే

వాన పడనన్నాళ్లూ ఈ నేల దుమ్మే. గనుల దారుల్లో ముందు బండి కనిపించనంత దుమ్ము లేస్తుంది. పాత జీపుల ఎయిర్ ఫిల్టరు అడుగున కాస్త ఆయిల్ ఉంటుంది. గాలిలోని దుమ్ము అందులో పడిపోవాలి. పట్టించుకోకపోతే ఆ ఆయిల్ బురదై కూర్చుంటుంది. గాలి అందక బండి నల్లపొగ కక్కుతుంది, ఎత్తు ఎక్కలేనంటుంది. ఫిల్టరు నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం పగిలితే ఇంకా ప్రమాదం. దుమ్ము నేరుగా లోపలికెళ్లి పిస్టన్ రింగుల్ని సాన పట్టినట్టు అరగదీస్తుంది. వంద రూపాయల గొట్టం కోసం చూసుకుంటే ఇంజిన్ బోరుకి వస్తుంది.

వాన పడిందా... కథ మారిపోతుంది. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి. ఎండితే నెర్రెలు, తడిస్తే బంక. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి ముద్దలు ఇరుక్కుని చక్రమే తిరగదు. అప్పుడు కంగారుపడి క్లచ్ సగం తొక్కి ఇంజిన్ అరిపిస్తే క్లచ్ ప్లేటు మాడిన వాసన ఊరంతా తెలుస్తుంది. దిగి కర్రతో మట్టి గీకి, చక్రాల కింద కంపో గోనెసంచో వేసి, చిన్న గేరులో నెమ్మదిగా కదిలించడమే మార్గం. నాలుగు చక్రాలకీ శక్తినిచ్చే లీవరు ఉన్నది అందుకే. కానీ తారురోడ్డు ఎక్కాక దాన్ని వెనక్కి తీయడం మరిచిపోతే గేర్‌బాక్సు, క్రాసులు, టైర్లు అన్నీ ఒకదాన్నొకటి లాక్కుని అరిగిపోతాయి. బురద గట్టెక్కించిన లీవరే బండిని ముంచుతుందన్నమాట!

డాక్టరు నాడి పట్టినట్టు...

ఆళ్లగడ్డ, మైదుకూరు, ప్రొద్దుటూరు లాంటి ఊళ్ల షెడ్లలో బండి రాగానే ఎవరూ పానా పట్టరు. ముందు చప్పుడు గురించే మాట్లాడతారు.

"ఏమన్నా, బండి ఎట్లుంది?"

"అడుగున కటకటమంటాంది అబ్బయా."

"పోయేటప్పుడా, గేరు మార్చేటప్పుడా?"

"గేరేసి క్లచ్ వదిల్తే ఒక్క దెబ్బ ఇడుస్తాంది."

"అట్లయితే క్రాసే అన్నా. ఇంగ రెండు ట్రిప్పులు కూడా ఆగదు."

ఎక్కడ చూసినా పాత జీపుల షెడ్డులో మాట ఇలాగే మొదలవుతుంది. చక్రం దగ్గర గుయ్‌మంటే బేరింగు. స్టార్ట్ చేయగానే కీచుమంటే బెల్టు. సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే డీజిల్ గొట్టంలో గాలి. చిన్న చేతిపంపు నాలుగుసార్లు కొట్టి, బోల్టు వదులుచేసి గాలి బుడగలు పోయేదాకా ఆగితే బండి మళ్లీ లేస్తుంది. అడవి దారి డ్రైవర్లందరికీ వచ్చిన విద్య ఇది. వాళ్ల టూల్ కిట్టు చూస్తే చిన్న షాపే... పానాలు, జాకీ, రెండు బెల్టులు, క్రాస్, సెంటర్ బోల్టులు, ఇనుప తీగ, రబ్బరు ట్యూబు ముక్కలు, సబ్బు. సబ్బెందుకంటారా? డీజిల్ ట్యాంకు చిన్నగా కారుతుంటే షెడ్డు చేరేదాకా అడ్డం పెట్టడానికి!

ఏది ఓర్చుకోవచ్చు, ఏది కూడదు?

ఇన్ని రోగాలతో కాపురం చేసే డ్రైవరుకి ఓ గీత కూడా తెలిసి ఉండాలి. చప్పుడు చేసే తలుపుతో ఏళ్లు గడపొచ్చు. కారే రేడియేటరుతో ఊరు చేరొచ్చు. బ్రేకుతోనూ స్టీరింగుతోనూ మాత్రం 'సర్దుకుపోదాం' అనకూడదు.

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్... ఇలాంటి దిగుళ్లలో పాత జీపుకి అసలు పరీక్ష. దాని డ్రమ్ బ్రేకుల్ని అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుకే 'ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు' అన్నది ఘాట్ డ్రైవర్ల పాఠం. పెడల్ తొక్కగా తొక్కగా కిందికి దిగిపోతున్నా, నలభై యాభై వేగంలో స్టీరింగు గజగజ వణుకుతున్నా కింగ్‌పిన్, టై రాడ్ ఎండ్లు, వీల్ సిలిండర్లు చూపించాకే మనుషుల్ని ఎక్కించాలి. ఆ రోజు కిరాయి పోయినా ఫర్వాలేదు. వెనక కూర్చున్నవాళ్లకి బండి రోగం తెలియదు. తెలిసింది డ్రైవరుకే. కాబట్టి బాధ్యతా అతడిదే.

ప్రభుత్వ నిబంధనలూ ఇదే చెబుతాయి. కిరాయికి తిరిగే బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. సొంత బండి అయితే పదిహేనేళ్లకి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి పాత బండ్ల ఫీజులూ పెరిగాయి. దాంతో 'ఇంకా రిపేరు చేయిస్తూ పోవాలా, వదిలేయాలా' అన్న లెక్క ప్రతి ఇంట్లోనూ మొదలైంది.

కొత్త బండి వస్తే రోగాలు పోతాయా? చాలామటుకు పోతాయి. బ్రేకులు మెరుగు, ఇంజిన్ మెరుగు, పొగ తక్కువ. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ బండి నిండా సెన్సర్లే. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగితే చెవికి ఏమీ వినిపించదు, పానాకి ఏమీ అందదు. స్కానర్ పెట్టి చూడాలి. అది ఉన్న షెడ్డు అడవిలో ఉండదు. అందుకే ఇప్పుడు కొందరు కుర్ర మెకానిక్కులు ఒక చేత్తో స్కానరు, మరో చేత్తో పానా పట్టుకుంటున్నారు. పాత విద్య పోకుండా కొత్త విద్య నేర్చుకోవడమంటే అదే. ఏ బండైనా రోగాన్ని ముందే చెబుతుంది. పాతది చప్పుడుతో, కొత్తది దీపంతో. వినకుండా, చూడకుండా ఇంకో ట్రిప్పు వేసేవాడికే అది నడిదారిలో ఎదురుతిరుగుతుంది.

బయల్దేరే ముందు...

* పొద్దున్నే బండి కింద నేల చూడండి. నల్లచుక్కలు ఆయిల్, జిడ్డులేని తడి నీళ్లు. చక్రం లోపలి వైపు తడి ఉంటే బ్రేక్ ఆయిల్ కావచ్చు. బండి తీయొద్దు.

* వేడి మీద రేడియేటరు మూత తీయకండి. ఆవిరి ముఖానికి కొడుతుంది. ఇంజిన్ చల్లారేదాకా ఆగాల్సిందే.

* వాగు దాటి వచ్చాక నెమ్మదిగా నాలుగుసార్లు బ్రేకు తొక్కి ఆరనివ్వండి. చక్రాల బేరింగుల్లో గ్రీజు సంగతి చూపించండి.

* రాళ్ల దారి తిరిగిన ప్రతిసారీ యూ బోల్టులు, చక్రాల నట్లు బిగించి చూడండి.

* ఒకే రిపేరు రెండోసారి వచ్చిందా? 'మార్చేయ్' అనకుండా 'ఎందుకు పోయింది' అని అడగండి. మూడోసారి ఖర్చు తప్పుతుంది.