సొరంగములలోని ఉపేక్ష

1976లో ప్రారంభమైన వాషింగ్టన్ మెట్రో, విశాలమైన స్టేషన్లతోను, స్వయంచాలక నియంత్రణ వ్యవస్థతోను, ఒకప్పుడు అమెరికా రాజధానికి గర్వకారణమై యుండెను. నిర్మించుటయందలి ఉత్సాహము సంరక్షణమునందు లోపించినచో ఎంతటి వ్యవస్థయైనను ప్రాణాంతకము కాగలదని 2009 జూన్ 22 సాయంకాలమున తేటతెల్లమైనది. పట్టాలపై రైలు ఉన్నదీ లేనిదీ విద్యుత్ప్రవాహము ద్వారా కనిపెట్టు ట్రాక్ సర్క్యూట్ విఫలమగుటచే, ఫోర్ట్ టాటెన్ సమీపమున నిలిచియున్న రైలును నియంత్రణ వ్యవస్థ గుర్తింపజాలకపోయెను; వెనుకనుండి వచ్చిన మరియొక రైలు దానిని ఢీకొనగా తొమ్మండుగురు మరణించిరి. ఆ వెనుక రైలులోని పాతకాలపు పెట్టెలను బలపరచవలెననియో, త్వరగా తొలగింపవలెననియో జాతీయ రవాణా భద్రతా మండలి అంతకు పూర్వమే సూచించియుండెను. వినియు మిన్నకుండుట క్షమింపరాని ఉపేక్ష యని నా అభిప్రాయము.

2015 జనవరిలో లాన్‌ఫాంట్ ప్లాజా సొరంగమున విద్యుత్ లోపమువలన పొగ క్రమ్మి ఒక ప్రయాణికురాలు మృతి చెందెను. మరుసటి ఏడు మార్చి 16న తీగెల తనిఖీకై మెట్రో యావత్తును ఒక దినము మూసివేయగా, 26 చోట్ల లోపములు బయల్పడినవి.

మరమ్మతులకు ప్రారంభోత్సవము లుండవు. కావున వాని నడుగువారును అరుదు. చిరకాలము ఈ సంస్థకు ప్రత్యేకమైన స్థిరనిధియే లేకుండెను. ఏటా 50 కోట్ల డాలర్ల శాశ్వత నిధికి మేరీల్యాండ్, వర్జీనియా, రాజధాని ప్రభుత్వములు మూడును సమ్మతించినది 2018లో మాత్రమే.