తూలని కుర్రవాడు

పెండ్లివారి విడిదిలో నలుగురు స్నేహితులు చేరినచోట ఒక మాట తరచుగా వినిపించుచుండును: "మావాడు ఎంత పుచ్చుకొన్నా తూలడండీ!" ఆ మాటలో కొంత గర్వము కూడ ఉండును. విన్న కుర్రవాడు మరింత నిటారుగా నిలుచుండును. ఆ మెప్పు ఎంత ప్రమాదకరమైనదో మనము కొంచెము విచారింతము.

మద్యమునకు అన్నమువలె జీర్ణము కావలసిన పని లేదు. అది కడుపునుండియు, అంతకంటె ఎక్కువగా చిన్నప్రేవులనుండియు తిన్నగా రక్తములో కలిసి, కొలది నిమిషములలో మెదడును చేరును. లోనికి పోవుట ఇంత త్వరితమైనను, దాని ప్రభావము తొలగుట మాత్రము మెల్లగా సాగును. దానిని విరుగగొట్టు పని ముఖ్యముగా కాలేయమునది. అది గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల మద్యసారమును మాత్రమే విరుగగొట్టగలదు. మన దుకాణములలో అమ్ము విస్కీ, బ్రాందీలలో సాధారణముగా నూటికి 42.8 వంతులు మద్యసారముండును. అనగా 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో సుమారు 60 గ్రాములన్నమాట. అర్ధరాత్రి ఆ సీసా ముగించినవాని రక్తములో ఉదయము 6 గంటల వరకు, ఒక్కొక్కప్పుడు 8 దాటువరకు దాని శేషముండును. కాఫీ, మజ్జిగ, నిమ్మరసము, చన్నీళ్ల స్నానము మెలకువ తెప్పించిన తెప్పించవచ్చును గాని కాలేయమును తొందరపెట్టజాలవు.

అట్లయిన తూలనివాని సంగతి ఏమి? మద్యము మెదడును మందగింపజేయును. పదేపదే ఆ బరువు తక్కెడలో ఒకవైపు పడుచుండగా, సమత్వము నిలుపుకొనుటకు మెదడు రెండవవైపున ఎదురుబరువు వేసికొనును. అందుచేత నడక తడబడదు, మాట ముద్దపడదు. అంతమాత్రమున రక్తములోని మద్యము తగ్గలేదు. కాలేయమునకు, గుండెకు కలుగు హానియు తగ్గలేదు. వాహనము నడుపువాని 100 మిల్లీలీటర్ల రక్తములో మద్యసారము 30 మిల్లీగ్రాములు మించరాదని మన చట్టము. ఆ కొలతకు తూలువాడు, తూలనివాడు అను భేదము లేదు.

తూలుట శరీరమిచ్చు హెచ్చరిక. అది అందనివాడు మరియొక గ్లాసు పోసికొనును. మొదటినుండియు మద్యమునకు అంతగా చలింపని యువకులే తరువాత దానికి బానిసలగు అవకాశము హెచ్చని వైద్యుల పరిశీలనలు తెలిపినవి. గంజాయి విషయమును ఇట్టిదే. నిత్యము వాడువానికి నిన్నటి మోతాదు నేడు చాలదు.

పైగా, ముందువెనుకలు ఆలోచించి మనస్సును అదుపులో ఉంచు మెదడు ముందుభాగము ఇంచుమించు ఇరువదియైదేండ్ల వరకు పూర్తిగా పక్వము కాదు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 21 సంవత్సరములు నిండనివారికి మద్యము అమ్మరాదను నిబంధన కలదు. ఇంటిలో పెద్దలే "ఒక్క గుక్క" అని చేతికందించినచో ఆ నిబంధన ఏమి చేయగలదు?

సంగతి బయటపడిన పిమ్మట కొందరు పెద్దలు కోపముతో గదిలో పెట్టి తాళము వేయుదురు. చాలకాలము నిత్యము ఎక్కువగా త్రాగినవాని విషయమున ఇది ప్రాణాపాయము కావచ్చును. తక్కెడలో ఒకవైపు బరువు తటాలున తీసినచో రెండవవైపు క్రుంగునుగదా! చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. కొందరికి మూర్ఛలు, మతిభ్రమ కలుగును. అట్టివానిని వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పింపవలెను. కేంద్ర ప్రభుత్వమువారి 14446 నంబరునకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

తూలిపడుచు వచ్చిన కుర్రవానిని చూచి ఇల్లంతయు మేల్కొనును. తూలకుండ వచ్చి, చప్పుడు కాకుండ తలుపు గడియ వేసికొని పండుకొనువానికొరకు ఎవ్వరును మేల్కొనరు. మనము ముందుగా పలుకరింపవలసినది వానినే.