చెరువు కట్టలమీద పరుగు

పరిగెత్తి పాలు తాగటంకంటె నిలబడి నీళ్ళు తాగటం మేలని సామెత. ఆ సామెతను ఇరవై యేళ్ళపాటు నేను క్లాసులో చెప్పటమే గాక ఆచరణలో కూడా పెట్టాను. నిలబడి పాఠం చెప్పటం, కూర్చుని పేపర్లు దిద్దటం, మధ్య మధ్య చక్కెర దండిగా వేసుకుని టీ తాగటం, ఇదీ నా వ్యాయామం. 2021లో, నాకు నలభైమూడో యేడు నడుస్తూండగా, డాక్టరుగారు నా రక్తపరీక్ష కాగితం కళ్ళద్దాలకు దగ్గిరగా పెట్టుకుని చూసి, "రోజూ నడవండి. నడక అలవాటయ్యాక కాస్త పరిగెత్తండి" అన్నారు. నేను సామెత చెప్పాను. ఆయన నవ్వలేదు.

నవ్వకపోవటానికి కారణం ఉన్నది. మా అమ్మకు వైద్యం చేసింది కూడా ఆయనే. చెప్పు కరిచి లేచిన చిన్న పొక్కు మూడు నెలలైనా మానక, ఆఖరుకు ఆమె కాలి బొటనవేలు తీసెయ్యవలసి వచ్చింది. అప్పటినుంచి గుమ్మం దాటాలంటే ఆమె గోడ పట్టుకోవాలి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చాలాసేపు ఆమె పాదం వంకే చూస్తూ కూర్చున్నాను. మర్నాడు వెళ్ళి బూట్లు కొన్నాను.

బూట్లయితే కొన్నాను గాని, పరిగెత్తటం ఎక్కడ? మాది హనుమకొండ. తెల్లవారుజామున నాలుగింటినుంచే రోడ్డుమీద బస్సులు, పాలబండ్లు, కోచింగుకు పోయే పిల్లల మోటారుసైకిళ్ళు. వీధి కుక్కల సంగతి చెప్పనక్కరలేదు. పైగా నడివయసు ఆడమనిషి, అందులోనూ కాలేజీలో ఛందస్సు చెప్పే మనిషి, బూట్లు తొడుక్కుని పరిగెత్తుతుంటే వీధి వీధంతా పళ్ళు తోముకోవటం ఆపి చూస్తుంది. రెండు రోజులు చూసి, మా వారు అన్నారు: "రోడ్డెందుకు? చెరువు కట్ట మీదికి పో. బండ్లు రావు. కాలికింద మట్టి. మొగానికి గాలి." ఆయన వ్యవసాయం ఇంట పుట్టిన మనిషి. నేను పుస్తకాల ఇంట పుట్టినదాన్ని గనుక, ఓరుగల్లులో ఉండి కూడా నాకు ఈ మాట తోచలేదు.

మన పెద్దలు సప్తసంతానాలని ఏడు చెప్పారు: కొడుకు, తటాకం, కావ్యం, దేవాలయం, వనం, నిధి, అగ్రహారం. కాకతీయులకు ఈ ఏడింటిలో తటాకంమీద మోజు ఎక్కువ. రాజులే కాదు, సేనానులు, మంత్రుల బిడ్డలు కూడా పోటీలుపడి చెరువులు తవ్వించారు. ఏటా ఈ జాబితాను పిల్లలచేత వల్లె వేయించాను గాని, అందులో రెండోదాని మీదికి ఎక్కి చూడటానికి నాకు నలభైమూడేళ్ళు పట్టింది.

చెరువు కట్ట ఎట్లా ఉంటుందో పట్నంలో పెరిగిన పాఠకులకు కొంచెం చెప్పాలి. రెండు గుట్టల మధ్యనో, మిట్ట నేలల మధ్యనో వాగుకు అడ్డంగా పోసిన మట్టి గోడ అది. నీటివైపు అలలు కోసుకుపోకుండా రాళ్ళు పరుస్తారు. అవతలివైపు వాలు మీద గడ్డి, తాటిచెట్లు, అడుగున పొలాలు. కట్టలో తూము, దాని గుండా పొలాలకు నీళ్ళు. ఒక కొసన మత్తడి. చెరువు నిండితే మిగులు నీళ్ళు మత్తడి దూకి కింది చెరువులోకి, అక్కడినుంచి ఇంకో కింది చెరువులోకి పోతాయి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు లెక్కకు వచ్చాయంటే, ఎన్ని కట్టలున్నాయో మీరే ఊహించండి. ఒక్కొక్కటీ పరిగెత్తేవాళ్ళకోసం పోసినట్టే ఉంటుంది. ఎత్తుపల్లాలు లేవు, నేల గట్టిగా ఉంటూనే తారురోడ్డులాగ మోకాలికి ఎదురుతిరగదు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పచ్చటి వరి. తప్పిపోదామన్నా దారి తప్పదు.

నేను మొదట పట్టుకున్నది వడ్డేపల్లి చెరువు కట్ట. ఇది ఊళ్ళోదే. నడిచేవాళ్ళు, యోగాసనాలవాళ్ళు, రాజకీయాలు మాట్లాడుకునే పింఛనుదార్లు, అందరూ ఉంటారు గనుక ఆడవాళ్ళకు భయం లేదు. మొదటిరోజు నూరు అడుగులు పరిగెత్తేసరికి ఊపిరి అందలేదు. నిలబడిపోయాను. గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన ఒకడు కర్ర ఆనించుకుని ఆగి, వెనక్కి చూసి, "ఎవలన్న తరుముతున్నరా బిడ్డా?" అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. "మరెందుకు ఉరుకుతున్నవ్?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. చక్కెర జబ్బని చెప్పాను. "గొర్లు కాయి, తక్కువైతది" అన్నాడాయన. అంతకంటె మంచి వైద్యం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

నూరడుగులు పరుగు, మూడు నూర్లు నడక. ఆ లెక్కన మొదలుపెట్టి, ఐదు నెలలకు ఆగకుండా రెండు మైళ్ళు పరిగెత్తగలిగాను. రహస్యమేమీ లేదు. పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత మెల్లగా పరిగెత్తాలి. మాట తెగిపోతున్నదంటే వేగం ఎక్కువైందన్నమాట. మాటలు చెప్పి బతికేదాన్ని గనుక నాకు ఈ కొలత బాగా కుదిరింది.

2022లో పోలీసు కానిస్టేబుళ్ళ నోటిఫికేషను వచ్చింది. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ఆ వానాకాలమంతా జిల్లాల్లో ఏ కట్టమీద చూసినా, ఏ కాలేజీ మైదానంలో చూసినా పిల్లలే. ఒకరోజు స్టాఫు రూము గుమ్మం దగ్గిర మా డిగ్రీ మూడో సంవత్సరం పిల్ల ఒకతె నిలబడింది. తండ్రి ఆటో నడిపేవాడు, రెండేళ్ళ కిందటే పోయాడు. తల్లి మిషను కుడుతుంది.

"మేడం, మీరు పొద్దుగాల వడ్డేపల్లి కట్టకు పోతరట గద. నేను గూడ వస్త. ఒక్కదాన్ని పోతనంటె మా అమ్మ ఒప్పుకుంటలేదు."

నా పక్కన పరిగెత్తితే నీకేమొస్తుందమ్మా, నాది తాబేలు నడక గదా అన్నాను. "మీరు ఉంటె చాలు మేడం" అన్నది.

ఫోనులో కొలిచి, 400 మీటర్ల దగ్గిర ఒక వేపచెట్టు గుర్తు పెట్టుకున్నాము. వెళ్ళి రావటం 800. మొదటిరోజు ఆ పిల్ల వేపచెట్టుదాకా బాణంలాగ పోయింది. తిరిగి వచ్చేటప్పుడు సగం దూరం నడిచింది. ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు. కట్టమీదే కూర్చుని ఏడ్చింది. ఏడుపెందుకు, లెక్క చూడు అన్నాను. పోను 2 నిమిషాల 40, రాను 2 నిమిషాల 40. అంతేగదా కావలసింది. వేపచెట్టు దగ్గిరికి రెండు నిమిషాలకు పోయి ఎవరికి చూపించాలి? ఉత్పలమాలలో మొదటి మూడు గణాల్లోనే ఊపిరంతా ఖర్చుపెడితే పాదం చివర ఏం చదువుతావు? ఈ ఉపమానం క్లాసులో ఎవరికీ ఎక్కలేదు గాని, కట్టమీద వెంటనే ఎక్కింది.

నాలుగు నెలలు వచ్చింది. ఒకటి రెండుసార్లు మోటారుసైకిళ్ళమీద కుర్రాళ్ళు వెకిలి కూతలు కూశారు. పింఛనుదార్ల బృందం వాళ్ళను నిలబెట్టి తెలంగాణ యాసలో ఇచ్చిన ఉపన్యాసం ఇక్కడ రాయదగ్గది కాదు. డిసెంబరులో దేహదారుఢ్య పరీక్ష జరిగింది. ఆ పిల్ల 5 నిమిషాల 9 సెకన్లకు వచ్చింది. తరవాత రాతపరీక్షలో కొద్దిపాటి మార్కులు తక్కువై, తుది జాబితాలో పేరు లేదు. నాకు చెప్పటానికి ఇంటికి వచ్చినప్పుడు ఏడవలేదు. "రేపు కట్టకు వస్తున్నరా మేడం?" అని మాత్రం అడిగింది. ఇప్పుడు ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తూ మళ్ళీ చదువుకుంటున్నది. ఆదివారాలు నాతో వస్తుంది. నేను రెండు కిలోమీటర్లు పోయేలోపల ఆమె మూడు పోయి వచ్చి ఎదురు నిలబడుతుంది.

భద్రకాళి చెరువు కట్ట దీనికంటె అందమైనదే. అమ్మవారి గుడి గంట, నీళ్ళమీద నీటికోళ్ళు, గుట్టల వెనకనుంచి పొద్దు. అయితే జనం ఎక్కువ, పండుగ రోజుల్లో పరిగెత్తటం అసాధ్యం. 2024 నవంబరులో పూడిక తియ్యటానికి చెరువు నీళ్ళు వదిలారు. నీళ్ళు పోయాక బయటపడిన నల్లటి ఒండ్రును చూసి ఆ రోజు నేను పరిగెత్తలేకపోయాను. ఎన్నేళ్ళ మట్టి అదంతా!

పంటపొలాల దారి కావాలంటే శ్రీరాంసాగరు నుంచి వచ్చే కాకతీయ కాలువ గట్టు ఉన్నది. తిన్నని దారి. నాకు కొంచెం విసుగు. వానాకాలంలో పల్లేరుకాయలు, పాములు. ఇంతకంటె చెప్పేదేమీ లేదు.

కాని పాకాల సంగతి వేరు. వరంగల్లు నుంచి నర్సంపేట మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. నర్సంపేట దాటిన కాసేపటికి రోడ్డుకు రెండుపక్కలా అడవి దగ్గిరపడుతుంది. గణపతిదేవుని కాలంలో, అంటే పదమూడో శతాబ్దంలో, గుట్టల మధ్య కట్ట పోసి నిలిపిన చెరువు. దాదాపు 30 చదరపు కిలోమీటర్ల నీరు. ఖమ్మం పక్కనుంచి పారి కృష్ణలో కలిసే మున్నేరు పుట్టుక ఇక్కడే. చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యం చేశారు. మేము మాఘమాసంలో ఒక ఆదివారం వెళ్ళాము: నేను, మా వారు, ఆ పిల్ల, ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు. అడవిశాఖవారిని అడిగి, కట్టమీద, రోడ్డుమీద మాత్రమే పరిగెత్తుతామని చెప్పి బయలుదేరాము. మీరు వెళ్ళినా అంతే చెయ్యండి. లోపలి కాలిబాటలు జంతువులవి. వాటిని వాటికే వదిలెయ్యటం మర్యాద.

మంచు ఇంకా విడవలేదు. నీళ్ళెక్కడ ముగిశాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. కాళ్ళకింద రాలిన టేకు ఆకులు అప్పడాలు విరిగినట్టు చప్పుడు చేస్తున్నాయి. ఐదుగురం పరిగెత్తుతుంటే ఆ చప్పుడుకు ఒక కొంగల గుంపు లేచి, చెరువుమీద చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలింది. ఆకులన్నీ రాల్చి మోదుగలు అప్పుడే మొగ్గలు తొడుగుతున్నాయి. ఇంకో పదిహేను రోజులు ఆగి వస్తే అడవికి నిప్పంటుకున్నట్టు పూసేవి. మంచు విడిచేసరికి అవతలి గుట్టలు ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి. అందరం ఆగిపోయాము. ప్రబంధాల్లో వర్ణనలు మరీ ఎక్కువని ఏటా ఒక విద్యార్థి అయినా నాతో వాదిస్తాడు. అతన్ని ఒకసారి పాకాల తీసుకురావాలి. ఆ ఆనందంలోనే రాతి అంచు చూసుకోక కాలు మడత పడి, నెల రోజులు మంచంమీదినుంచి పేపర్లు దిద్దాను. తప్పు నాదే. రాళ్ళ వైపు పరిగెత్తవద్దని చెప్పేదాన్ని నేనే.

రామప్ప చెరువు కూడా అటువంటిదే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక యాత్రికులు పెరిగారు. అయినా గుడి చూసినవాళ్ళలో చాలామంది చెరువు దాకా రారు. కట్ట పొట్టిది గనుక అటూ ఇటూ అనేకసార్లు తిరగాలి. లక్నవరంలో మూడు ఇరుకు లోయలకు కట్టలు వేసి నీటిని నిలిపిన పనితనం చూడదగినది. కాని అక్కడ వేలాడే వంతెన దగ్గిర ఫొటోలవాళ్ళ మధ్య పరుగు సాగదు.

2024లో పారిస్ పారాలింపిక్సులో వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. కాలం 55.82 సెకన్లు. మా వేపచెట్టు దూరం సరిగ్గా అదే. మర్నాడు పొద్దున కట్టమీద ఆ పిల్ల వేపచెట్టు వైపు చూసి, "మేడం, నిమిషం లోపల!" అన్నది. ఇద్దరం చాలాసేపు ఆ చెట్టు వంకే చూశాము.

ఇప్పుడు నా చక్కెర అదుపులో ఉన్నది. డాక్టరుగారు మొన్న కొంచెం నవ్వారు కూడా. మా అమ్మ "నేను గూడ వస్తనే" అని పట్టుబడితే, నెల నుంచి ఆదివారాలు ఆటోలో వడ్డేపల్లికి తీసుకుపోతున్నాము. కట్టమీద బెంచీమీద కూర్చుని, కొంగులో చింతగింజలు పోసుకుని, నేను ఒక చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా ఒక గింజ తీసి పక్కన పెడుతుంది. పోయిన వారం నేను చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన కూలబడగానే గింజలు లెక్కపెట్టింది.

"నాలుగే అయినయి. ఐదోది యేది?"

"కాలు నొస్తున్నదమ్మా."

అమ్మ తన పాదం వంక ఒకసారి చూసుకున్నది. చేతిలోని గింజ పక్కన పెట్టలేదు. నేను లేచి బూట్ల తాళ్ళు బిగించుకున్నాను.