ఓడ పద్దులో పేరు, ఊరి నోట ఇంటిపేరు

పంతొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి సముద్రం దాటి మారిషస్, నేటాల్, ఫిజీ చెరకు తోటలకు వెళ్ళిన కుటుంబాల మూలాలను వెతికేవారికి రెండు ఆధారాలు దొరుకుతాయి: ఒకటి వలస శాఖ గుమాస్తా రాసిన ఓడ పద్దు, రెండోది ఇంటి పెద్దల నోట నిలిచిన మాట. ఈ రెండూ ఒకే మనిషి గురించి చెప్పినా ఒకే సంగతి చెప్పవు. పద్దు మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, తాలూకా చెప్పి ఊరుకుంటే, నోటి మాట ఇలవేల్పును, ఇంటిపేరును గుర్తుంచుకొని సంవత్సరాన్ని మరచిపోతుంది. ఒకదాన్ని నమ్మి మరొకదాన్ని పక్కనపెట్టిన అన్వేషణ చాలాసార్లు మద్రాసు రేవు దగ్గరే ఆగిపోతుంది.

ఆ ప్రయాణాలను నడిపింది ఇండెంచర్ పద్ధతి, అంటే నిర్ణీత కాలం, సాధారణంగా ఐదేళ్ళు, ఒక యజమాని తోటలో పనిచేస్తానని కూలీ కట్టుబడిన ఒప్పందం. మారిషస్‌కు ఇది 1834లో మొదలైంది. నేటాల్‌కు మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. ఆ రోజు నుంచి 1911 వరకు అక్కడికి వెళ్ళిన 1,52,184 మందిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు మీదుగా వెళ్ళినవారే. ఫిజీకి దక్షిణాది కూలీలు 1903 నుంచి మాత్రమే వెళ్ళారు. 1866లో ఒరిస్సాతో పాటు గంజాం జిల్లాను పీడించిన కరువు, 1888-89లో మళ్ళీ అదే జిల్లాను పట్టిన కరువు, జమీందారీ శిస్తుల భారం కలిసి ఈ ప్రాంతపు పల్లెలను కదిలించాయి. మారిషస్‌లో తెలుగువారికి ‘కొరంగీలు’ అన్న పేరు గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు వల్ల వచ్చినదే తప్ప అందరూ కోరంగి వారని దాని అర్థం కాదు.

ఈ అన్వేషణలో మొదట గ్రహించవలసిన విషయం ఒకటుంది, అది ఓడ కాగితాల విలువను పూర్తిగా మార్చివేస్తుంది. 1802లో వచ్చిన శాశ్వత శిస్తు ఏర్పాటు, అంటే జమీందారు ప్రభుత్వానికి ఏటా మారని మొత్తం చెల్లించి తన గ్రామాల్లో రైతుల నుంచి వసూలు చేసుకొనే ఏర్పాటు, విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాలలో అమలు కావడం వల్ల, ఆ గ్రామాల సామాన్య రైతు పేరు ప్రభుత్వ రికార్డులలోకి ఎక్కవలసిన అవసరమే చాలాకాలం రాలేదు. జమీందారీలను రద్దు చేసిన 1948 చట్టం తరువాతనే ఆ రైతులలో అత్యధికులకు ప్రభుత్వంతో నేరుగా పట్టా సంబంధం ఏర్పడింది. 1860 దశకంలో ఈనాం కమిషన్ తయారుచేసిన రిజిస్టర్లలో వంశక్రమాలు ఉన్న మాట నిజమే కాని, అవి ఈనాం భూమి ఉన్న అర్చకులవి, కరణాలవి, గ్రామ సేవకులవి. భూమి లేని పాలేరుకు, కౌలు చేసే కాపుకు, మగ్గం అమ్ముకున్న దేవాంగికి స్వగ్రామంలో కాగితమే లేదు. అటువంటి మనిషి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు వరసగా రాసిన మొదటి కాగితం చాలా సందర్భాలలో అతన్ని ఊరికి దూరం చేసిన ఆ ఓడ పద్దే.

ఆ పద్దులో ప్రతి మనిషికీ ఒక వలస సంఖ్య ఉంటుంది. నేటాల్ పద్దులలో ఆ సంఖ్య పక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, చేరిన తోట యజమాని వివరాలు వరసగా వస్తాయి. మారిషస్‌కు సంబంధించిన ఇటువంటి రికార్డులు మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. 1860ల తరువాతి వాటిలో కూలీల ఛాయాచిత్రాలు కూడా ఉండటం వల్ల, ఐదారు తరాల కిందటి పూర్వీకుని ముఖాన్ని వారసులు చూడగలుగుతున్నారు. తొలి నేటాల్ పద్దుల కులం గడిలో కొన్నిచోట్ల ‘జెంటూ’ అని కనిపిస్తుంది. అది కులం కాదు, ఆనాటి మద్రాసు ఇంగ్లీషులో తెలుగువారికి వాడిన మాట.

జిల్లా గడి దగ్గర అన్వేషకులు తరచుగా దారి తప్పుతారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలో ఉండేవి, పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. అందువల్ల పద్దులో ‘వైజాగపటం జిల్లా, పాల్కొండ తాలూకా’ అని ఉన్న మనిషి ఊరు కదలకుండానే 1950లో శ్రీకాకుళంలోకి, 2022లో పార్వతీపురం మన్యంలోకి వెళ్ళి ఉండవచ్చు. బొబ్బిలి కూడా ఇదే తీరున విశాఖ నుంచి శ్రీకాకుళానికి, అక్కడి నుంచి విజయనగరానికి మారింది. ‘గంజాం’ అన్న మాట చూసి ఒడిశా వైపు వెళ్ళినవారు, ‘చికాకోల్’ అంటే శ్రీకాకుళమని తెలియక తిరిగినవారు కాలాన్ని, ధనాన్ని పోగొట్టుకుంటారు.

ఊరి గడి ఇంతకంటే కష్టమైనది, ఎందుకంటే తెలుగు రాని గుమాస్తా చెవికి తోచినట్లు రాసిన పేరును వెనక్కి తిప్పి తెలుగులో చదవాలి. పైగా ఈ ప్రాంతంలో ఆమదాలవలస, కొత్తవలస మొదలుకొని ‘వలస’తో ముగిసే ఊళ్ళు లెక్కకు మిక్కిలి, వెనుకటి కాలంలో ఎక్కడి నుంచో వచ్చి అడవి కొట్టి, చెరువు తవ్వి, ఇళ్ళు వేసుకున్న మొదటి కుటుంబాల జ్ఞాపకమే ఆ పేర్లలోని మాట. ఒకే పేరుగల ఊళ్ళు పక్కపక్క తాలూకాలలో ఉండటం కూడా మామూలే, కాబట్టి ఊరి పేరొక్కటే దొరికితే అది సమాధానం కాదు, వెతకవలసిన ఊళ్ళ పట్టిక మాత్రమే.

ఇటువంటి చోట మనిషి పేరే సాక్ష్యం చెబుతుంది. ఉత్తరాంధ్ర వారు బిడ్డలకు దగ్గరి దేవుడి పేరు పెట్టుకొనే సంప్రదాయం బలమైనది కావడం వల్ల, అప్పలస్వామి, అప్పన్న, సింహాద్రి, సింహాచలం అన్న పేర్లు సింహాచల నరసింహస్వామి భక్తి వ్యాపించిన సీమను, పైడయ్య, పైడమ్మ అన్నవి విజయనగరపు పైడితల్లిని, కూర్మయ్య, కూర్మారావు అన్నవి శ్రీకూర్మాన్ని, ముఖలింగం అన్నది వంశధార ఒడ్డునున్న శ్రీముఖలింగాన్ని, ఆసిరయ్య, ఆసిరినాయుడు అన్నవి శ్రీకాకుళపు పల్లెల్లోని ఆసిరితల్లిని గుర్తుకు తెస్తాయి. సింహాచల స్వామి పేరు విస్తారమైన ప్రాంతంలో వినిపిస్తుంది గనుక అది బలహీనమైన ఆనవాలు. కూర్మయ్య, ముఖలింగం వంటివి కొద్ది మండలాల వలయంలోకి తెచ్చి నిలబెడతాయి గనుక బలమైన ఆనవాళ్ళు. ఊరి గడి చెరిగిపోయిన పద్దులో కొడుకు పేరు కూర్మయ్య, తండ్రి పేరు ముఖలింగం అని ఉంటే, వెతుకులాటను వంశధార, నాగావళి నదుల మధ్య నేల నుంచి మొదలుపెట్టడం న్యాయం.

పద్దులో లేనిది ఇంటిపేరు. తెలుగు ఇంటిపేరు చాలాసార్లు కుటుంబం అంతకుముందు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే చిన్న చరిత్ర. విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు ఇంటిపేరు కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామానిది, ఆయన పూర్వీకులు అక్కడివారు. వలస గుమాస్తాకు తండ్రి పేరు చాలు కాబట్టి ఇంటిపేరు అడగలేదు, ఆ తండ్రి పేరే తరువాతి తరాలకు స్థిరపడింది. మారిషస్‌లో నేడు అప్పడు, సింహాద్రి, సన్యాసి, వెంకటసామి వంటి పేర్లు కుటుంబనామాలుగా ఉన్నాయంటే, అవి ఒకప్పుడు ఒడ్డున దిగిన ఒక తండ్రి సొంత పేర్లు. దక్షిణాఫ్రికాలో ‘నాయుడు’ అన్న గౌరవపదం ఎందరికో కుటుంబనామం అయింది. దాని వెనుక ఉన్న అసలు ఇంటిపేర్లు ఒకటి కాదు, ఎన్నో. స్వగ్రామంలో మాత్రం అప్పన్నలు పదిమంది ఉంటారు కాబట్టి ఇంటిపేరు లేనిదే ఎవరూ ఏ అప్పన్ననూ గుర్తించలేరు. పద్దు ఇచ్చిన ఆధారం ఊరి పొలిమేర దాకా తెచ్చి వదిలేస్తుంది. ఆపైన నడిపించగలిగింది ఇంటి మాటే.

ఆ మాటకు కూడా బలాబలాలున్నాయి. తరాలు దాటిన కథలో మధ్యవారు మాయమై తాత, ముత్తాత ఒక్కరే అవుతారు. ‘విశాఖపట్నం నుంచి వచ్చాం’ అన్న మాట పట్టణాన్ని కాక ఆనాటి విశాఖ జిల్లాను సూచిస్తూ ఉండవచ్చు. పూర్వీకుడు సంపన్నుడని, పెద్ద వంశస్థుడని చెప్పే కథలను జాగ్రత్తగా తూచాలి. అయితే మార్చి చెప్పడం వల్ల ఎవరికీ లాభం లేని వివరాలు, అంటే ఇలవేల్పు పేరు, పండుగనాటి నైవేద్యం, బంధువులను పిలిచే వరస, ఇంటిపేరు ముక్క, ఇవి కాగితం కంటే నమ్మదగినవి. మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్నను కొలవడం, గ్రామదేవత కొలువును ‘అమ్మోరు పండగ’ అని పిలవడం ఈ కోవలోవి. ‘అమ్మవారు’ కాక ‘అమ్మోరు’ అన్న పలుకే వారు పల్లెల నుంచి వెళ్ళారని చెబుతోంది. గోత్రం మీద మాత్రం ఎక్కువ ఆధారపడకూడదు, ఈ ప్రాంతపు వ్యవసాయ కులాల్లో నాగుల గోత్రం వంటిది వేల కుటుంబాలకు ఉమ్మడి.

కాగితం లేని వలస ఎలా ఉంటుందో బర్మా కుటుంబాలను చూస్తే తెలుస్తుంది. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్ళినవారిని తీసుకుపోయింది మేస్త్రీలు, అంటే కూలీలను పోగుచేసి బయానా ఇచ్చి నడిపే గుంపు పెద్దలు. ఇండెంచర్ లేదు కాబట్టి వలస సంఖ్య లేదు, తండ్రి పేరు గడి లేదు. అక్కడి రేవు కూలీల జీవితం 1930 మే నాటి రంగూన్ అల్లర్లతో ఛిద్రమైంది, 1942 యుద్ధంలో ఎందరో కాలినడకన తిరిగివచ్చారు, 1960లలో మరికొందరు వచ్చారు. ఈ కుటుంబాల చరిత్రకు ఇంటి పెద్దల మాటలే దాదాపు ఏకైక ఆధారం, ఆ పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఇటు ఊళ్ళలో కూడా జ్ఞాపకాన్ని కాపాడేవారు తగ్గిపోయారు. తరతరాలుగా ఏ పొలం ఎవరిదో, ఏ ఇల్లు ఎవరిదో చెప్పగలిగిన కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. రికార్డులు మండల కార్యాలయాలకు చేరాయి కాని, కరణం నోటిలో ఉన్నది కార్యాలయానికి చేరలేదు. కులాల ఇంటిపేర్లను, గోత్రాలను పాడి వినిపించే పిచ్చుగుంట్లవారి వంటి వంశగాయకులు కూడా చాలాచోట్ల ఊరికి రావడం మానివేశారు. అవసరం మాత్రం పెరిగింది: 2024 మార్చిలో మారిషస్ పర్యటనలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, భారతీయ మూలాలుగల మారిషస్ వారికి ఏడో తరం వరకు ఓసీఐ కార్డు, అంటే విదేశాల్లోని భారత సంతతి వారికి ఇచ్చే గుర్తింపు కార్డు, పొందే వీలు ప్రకటించారు. ఏడో తరం వారు మొదటి తరాన్ని రుజువు చేయాలంటే పుట్టుక, పెళ్ళి పత్రాల మీదుగా ఆ వలస సంఖ్య దాకా మెట్టుమెట్టుగా వెనక్కి వెళ్ళవలసిందే.

ఈ వెనకడుగులో అన్నిటికంటే తక్కువ శ్రద్ధకు నోచుకున్నది స్త్రీలు. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలన్న నిబంధన వల్ల ఓడలలో ఆడవారి సంఖ్య గణనీయం; భర్తతో వెళ్ళినవారు, బిడ్డలతో ఒంటరిగా వెళ్ళిన వితంతువులు, ఎవరూ లేక వెళ్ళినవారు అందులో ఉన్నారు. ఉత్తరాంధ్ర ఊళ్ళలో గీసే వంశవృక్షంలో తండ్రి, కొడుకు, మనుమడు ఉంటారు, ఆడపడుచు పేరు పెళ్ళితో మరో ఇంటికి పోతుంది, కోడలి పుట్టింటి ఊరు ఎక్కడా రాయరు. ఓడ పద్దులో అలా కాదు. భర్త వరసకు కింది వరసలో పైడమ్మ వంటి స్త్రీకి తన వలస సంఖ్య, తన తండ్రి పేరు, తన తాలూకా, తన ఊరు ఉన్నాయి. ఆ ఊరు భర్త ఊరు కానప్పుడు, ఒక కుటుంబం వెతకవలసిన ఊళ్ళు రెండు.