లాకప్పులో మన తెలుగు

డిసెంబరు వచ్చిందంటే అంబత్తూరులో సెంట్రల్ బండెక్కేవాళ్లలో ఒకరిద్దరి మెడలో ఫిల్మ్ ఫెస్టివల్ పాసు వేలాడుతుంటుంది. కొరట్టూరు, విల్లివాక్కం, పెరంబూరు దాటి నగరంలోకి పోయి, రోజుకు మూడు నాలుగు సినిమాలు చూసి, ఎర్రబడ్డ కళ్లతో రాత్రి బండికి తిరిగొస్తారు. చెన్నై అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 2003లో మొదలైంది. ఇరాన్ సినిమా అయినా కొరియా థ్రిల్లరైనా తెర కింద అక్షరాల వెంట పరిగెత్తాల్సిందే.

పండుగల దాకా వెళ్లిన సినిమాల్లో, ఆ అక్షరాలతో పనే లేకుండా మన చెన్నై తెలుగువాళ్లం చూడగలిగింది ఒకటుంది. వెట్రిమారన్ తీసిన ‘విసారణై’. 2015లో వెనిస్‌లో ఒరిజోంటి విభాగంలో చూపించారు. ఇటలీ ఆమ్నెస్టీ వాళ్ల బహుమతి వచ్చింది. మరుసటి ఏడు మన దేశం తరఫున ఆస్కారుకూ పంపారు. పేరుకు తమిళ సినిమా, మొదటి సగం మాత్రం గుంటూరు.

కోయంబత్తూరు ఆటో డ్రైవరు చంద్రకుమార్ గుంటూరు పోలీసుల చేతిలో తాను పడ్డ దెబ్బలనే ‘లాకప్’ అన్న పుస్తకంగా రాశాడు. సినిమాకు మూలం అదే. పొట్టకూటికి వచ్చి పార్కులో పడుకునే నలుగురు తమిళ కుర్రాళ్లను పోలీసులు ఎత్తుకెళ్తారు. ఎందుకు కొడుతున్నారో వాళ్లకు తెలియదు. ఆ ఇన్‌స్పెక్టరు మన అజయ్ ఘోష్. లాఠీతో పాటు మాట కూడా విసురుతుంటాడు. కుర్రాళ్లకు అది ఉత్త అరుపు. మనకు ప్రతి ముక్కా అర్థమవుతుంది. థ్రిల్లరంటే తర్వాతేం జరుగుతుందోనన్న బెంగ కదా, ఇక్కడ బెంగంతా భాషలోనే ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనం కొట్టేవాడి పక్కనా ఉంటాం, తినేవాడి పక్కనా ఉంటాం. నిజం చెప్పాలంటే, మన భాష వింటూ హాల్లో తలదించుకున్నది నాకు ఆ ఒక్కసారే.

కోర్టులో వాళ్ల గోడు జడ్జికి అర్థం కాదు. వేరే పని మీద వచ్చిన తమిళ ఇన్‌స్పెక్టరు, సముద్రఖని, తెలుగులో చెప్పి గట్టెక్కిస్తాడు. హమ్మయ్య అనుకుంటాం. సొంత రాష్ట్రానికి, సొంత భాష పలికే ఠాణాకే చేరతారు. అసలు ఉచ్చు అక్కడుంది. వెట్రిమారన్ గొప్పతనం ఈ మలుపే. తప్పంతా తెలుగు మీదికి తోసేసి చేతులు దులుపుకోలేదు. సముద్రఖనికి జాతీయ అవార్డు వచ్చింది. ఎడిటర్ కిశోర్‌కూ వచ్చింది గానీ అందుకోవడానికి ఆయన లేడు, ఈ సినిమా కూర్పు మధ్యలోనే పోయాడు.

భాష తెలియనితనం మన సినిమాకు మేలు చేసిన సందర్భమూ ఉంది లెండి. 1977లో ‘ఒక ఊరి కథ’ తీసిన మృణాల్ సేన్ బెంగాలీ. ప్రేమ్‌చంద్ కథను తెలంగాణ పల్లెకు తెచ్చాడు. ఆ తర్వాత విదేశీ చిత్రోత్సవాలకెళ్లిన తెలుగు సినిమాలు ఇంకా ఉన్నాయి. రజనీష్ దోమలపల్లి కొలంబియా యూనివర్సిటీలో థీసిస్‌గా మొదలుపెట్టిన ‘వనజ’ 2007లో బెర్లిన్‌లో తొలి చిత్రం బహుమతి కొట్టింది. కంచరపాలెం జనాన్నే తెర మీదికెక్కించిన వెంకటేశ్ మహా 2018లో న్యూయార్క్ దాకా వెళ్లాడు.

ఇవన్నీ నెమరేసుకుంటూ మొన్న ఇంటికి ఒక స్టేషన్ ముందే పట్టరవాక్కంలో దిగాను. అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటు అక్కడే. షిఫ్టు వదిలిన వేళ టీ కొట్టు దగ్గర ఉత్తరాది కుర్రాడొకడు అద్దాల పెట్టెలోని వడల వైపు చూపించి రెండు వేళ్లెత్తాడు. కొట్టాయన కాగితంలో చుట్టిస్తూ “దో?” అన్నాడు. కుర్రాడు గబగబా హిందీలో ఏదో పెద్ద మాటే చెప్పుకుపోయాడు. కొట్టాయన నా వైపు చూశాడు. నాకూ అర్థం కాలేదు.