ప్రయాణంలో ఆగిపోయిన ఎలక్ట్రిక్ సైకిల్ మోటారు: లోపాన్ని గుర్తించే క్రమం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మోటారు ఆగినప్పుడు కనిపించే లక్షణాలను బట్టి లోపం ఏ భాగంలో ఉందో గుర్తించగలుగుతారు.
• భారం పెరిగినప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎందుకు పడిపోతుందో లెక్కతో వివరించగలుగుతారు.

1. పరిచయం

36 వోల్టుల లిథియం-అయాన్ బ్యాటరీ, వెనక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు ఉన్న సైకిలును ఉదాహరణగా తీసుకుందాం. ఎత్తు ఎక్కుతుండగా మోటారు హఠాత్తుగా ఆగిపోతే, చాలామంది అది కాలిపోయిందనే అనుకుంటారు. కాని ఈ మోటారులో అరిగిపోయే బ్రష్‌లు ఉండవు. అది తిరగాలంటే రెండు అందాలి. ఒకటి, బ్యాటరీ నుంచి కంట్రోలర్ ద్వారా వచ్చే శక్తి. రెండు, థ్రాటిల్, బ్రేకు స్విచ్, హాల్ సెన్సర్ల నుంచి కంట్రోలర్‌కు చేరే సంకేతాలు. వీటిలో ఏది తెగినా మోటారు ఆగుతుంది. కాబట్టి ఖరీదైన భాగాలు మార్చే ముందు ఈ మార్గాన్ని వరుసగా పరిశీలించాలి.

2. ముందు జాగ్రత్తలు

సైకిలును రోడ్డు పక్కకు తీసుకువెళ్లి స్విచ్ ఆపండి. బ్యాటరీ తీసిన తరువాతే కనెక్టర్లు విప్పండి. బ్యాటరీ ఉబ్బినా, బాగా వేడెక్కినా, ఘాటైన వాసన వచ్చినా పరీక్షలు మాని దూరంగా ఉండండి. దాన్ని మళ్లీ చార్జ్ చేయకూడదు.

3. డిస్‌ప్లే కూడా ఆరిపోతే

శక్తి మార్గం తెగిందని అర్థం. గతుకుల్లో ఆరి మళ్లీ వెలిగితే, బ్యాటరీ అమరే చోట కాంటాక్టులు వదులుగా ఉన్నాయేమో, నల్లబడ్డాయేమో చూడండి. తరువాత ఫ్యూజు చూడండి. బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ కూడా సరఫరాను ఆపివేయవచ్చు. దాన్ని తప్పించి నేరుగా తీగలు కలపడం అగ్నిప్రమాదానికి దారితీస్తుంది.

4. డిస్‌ప్లే వెలుగుతూ, ఎత్తులోనే ఆగిపోతే

బ్యాటరీకి అంతర్నిరోధం ఉంటుంది. ప్రవాహం పెరిగేకొద్దీ దానిలో వోల్టేజి పతనం కూడా పెరుగుతుంది.

ఉదాహరణ: బ్యాటరీ విద్యుచ్ఛాలక బలం 34 వోల్టులు, అంతర్నిరోధం 0.3 ఓమ్‌లు, కంట్రోలర్ ఆపివేసే పరిమితి 31 వోల్టులు అనుకుందాం.

ఎత్తులో 15 ఆంపియర్లు ప్రవహిస్తే: 34 − (15 × 0.3) = 29.5 వోల్టులు. మోటారు ఆగుతుంది.
నెమ్మదిగా వెళ్తూ 5 ఆంపియర్లే వాడితే: 34 − (5 × 0.3) = 32.5 వోల్టులు. మోటారు నడుస్తుంది.

సైకిలు ఆపి మీటరుతో కొలిస్తే మళ్లీ 34 వోల్టులే కనిపిస్తాయి. అందుకే బ్యాటరీ బాగానే ఉందని పొరబడతారు. వోల్టేజిని భారం ఉన్నప్పుడే కొలవాలి. దారిలో ఉంటే సహాయ స్థాయి తగ్గించి, పెడల్ తొక్కుతూ ఇల్లు చేరవచ్చు.

5. డిస్‌ప్లే వెలుగుతున్నా, చదునైన దారిలోనూ కదలకపోతే

మొదట బ్రేకు లివర్లు చూడండి. లివర్ పూర్తిగా వెనక్కి రాకపోతే, బ్రేకు పట్టి ఉందనుకుని కంట్రోలర్ మోటారును ఆపుతుంది. తరువాత థ్రాటిల్ కనెక్టర్‌లో నీరు, తుప్పు ఉన్నాయేమో చూడండి.

6. మోటారు కుదుపులతో తిరిగితే, లేదా చక్రం బిగుసుకుంటే

కుదుపులు వస్తే హాల్ సెన్సర్‌ను గాని, మూడు ఫేజ్ తీగల్లో ఒకదాన్ని గాని అనుమానించండి. ఈ తీగలు ఇరుసు గుండా బయటికి వస్తాయి. ఇరుసు నట్టు వదులైతే ఇరుసే తిరిగి తీగలను మెలిపెట్టి తెంపుతుంది. కాబట్టి ముందు అక్కడ చూడండి.

స్విచ్ ఆపినా చక్రం ఆగి ఆగి బరువుగా తిరుగుతుంటే, ఫేజ్ తీగలను కంట్రోలర్ నుంచి విడదీసి మళ్లీ తిప్పండి. ఇప్పుడు తేలికగా తిరిగితే లోపం కంట్రోలర్‌లో ఉంది. అప్పటికీ బరువుగా ఉంటే తీగలో గాని, చుట్టలో గాని షార్ట్ ఉండవచ్చు. షార్ట్ అయిన చుట్టలో పుట్టే ప్రవాహం, లెంజ్ నియమం ప్రకారం, భ్రమణాన్ని ఎదిరిస్తుంది. గేర్ల హబ్ మోటారైతే చక్రాన్ని వెనక్కి తిప్పి పరీక్షించాలి. ముందుకు తిప్పితే లోపలి మోటారు తిరగదు.

7. సారాంశం

ముందు డిస్‌ప్లే, తరువాత భారంలో వోల్టేజి, ఆపై సంకేతాలు, చివరగా మోటారు: ఈ వరుస పాటిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విద్యుచ్ఛాలక బలం 35 వోల్టులు, అంతర్నిరోధం 0.4 ఓమ్‌లు, ప్రవాహం 12 ఆంపియర్లు. పరిమితి 31 వోల్టులైతే మోటారు నడుస్తుందా?
2. ఫేజ్ తీగలు విడదీశాక చక్రం తేలికగా తిరిగితే లోపం ఎక్కడ ఉంది?

జవాబులు: 1. నడవదు; వోల్టేజి 30.2కు పడిపోతుంది. 2. కంట్రోలర్‌లో.