చలువరాతి నగరము, రాతిగోడల తీరము

ఇటలీ దేశమును చూడబోవువారు రెండు తెరగుల వారు. చూడవలసిన వస్తువుల పట్టిక చేతబట్టి వడివడిగా తిరుగువారు కొందరు. భుజమున సంచి తగిలించుకొని, కాలినడకను నమ్ముకొని పోవువారు కొందరు. మొదటివారికి కనబడునది సౌందర్యము. రెండవవారికి ఆ సౌందర్యమును నిలబెట్టుచున్న చేతులు కూడ కనబడును.

ఆర్నో నది యొడ్డున నున్న ఫ్లారెన్సు నగరములో ఏ మిద్దె యెక్కి చూచినను ప్రధాన క్రైస్తవాలయపు ఎర్రని గోపురమే కన్నుల నింపును. 1420లో ఆరంభమైన ఈ గోపురమును బ్రునెలెస్కి 1436 నాటికి పూర్తి చేసెను. క్రిందినుండి భారము మోయు కొయ్యచట్రము లేకుండ, లోపలొకటి వెలుపలొకటిగా రెండు పొరలను ఇటుకలతో లేపించెను. ఆ పొరల నడుమ నుండియే పైకి దారి. 463 మెట్లు ఎక్కువానికి, ఆనాటి పనివాని నేర్పు చేతికందునంత దగ్గరగా నుండును.

ఈ నగరపు కళానిధి చెల్లాచెదరు కాకుండుటకు ఒక స్త్రీ కారణము. మెడిచీ వంశమున కడపటిదైన అన్నా మరియా లుయీసా, వంశీయులు కూర్చిన కళాఖండములేవియు నగరము దాటి పోరాదను నియమమును 1737 నాటి ఒడంబడికలో చేర్పించెను. ఉఫీజీ చిత్రశాల నేడు ఇట్లుండుట ఆమె చలువయే.

ఒడంబడికకు రాజులు లోబడిరి గాని నది లోబడలేదు. 1966 నవంబరు 4న ఆర్నో పొంగి నగరమును ముంచెత్తెను. చిమబూయె చిత్రించిన శిలువ తన రంగులో అధికభాగమును కోల్పోయెను. జాతీయ గ్రంథాలయములో లక్షలకొలది పుస్తకములు బురద పాలయ్యెను. దేశదేశాల యువజనులు వచ్చి, బారులు తీరి, తడిసిన గ్రంథములను చేతినుండి చేతికి అందించిరి. వారికి 'బురదలోని దేవదూతలు' అని పేరు నిలిచినది. వసారి చిత్రించిన 'కడపటి విందు' 50 ఏండ్లకు, 2016లో గాని మరల ప్రదర్శనకు రాలేదు.

ఫ్లారెన్సు విడిచి, పీసా మీదుగా వాయవ్య దిక్కున పోవు రైలులో కూర్చున్నవానికి దారిలో తెల్లని కొండలు కనబడును. అది మంచు కాదు, కర్రారా చలువరాయి. మైకెలాంజిలో 1504లో ముగించిన దావీదు విగ్రహము ఆ కొండలనుండి తెచ్చిన రాయియే. ఆ కొండలు దాటిన పిమ్మట, నిట్టనిలువు కొండలు సముద్రములోనికి దిగు తీరమున 'చింక్వె తెర్రె' అను ఐదూళ్లు కలవు: రియోమజోరె, మనరోల, కొర్నీలియ, వెర్నజ్జ, మొంతెరోస్సొ. కొర్నీలియ స్టేషను నుండి ఊరు చేరుటకే దాదాపు 380 మెట్లు ఎక్కవలెను.

ఇచ్చటి అద్భుతము సముద్రము కాదు. కొండవాలుపై అంచెలంచెలుగా కట్టిన రాతిగోడలు. శతాబ్దముల తరబడి రైతులు సున్నము లేకుండ రాళ్లు పేర్చి, వాని వెనుక మన్ను నింపి, ద్రాక్షతోటలు పెంచిరి. సున్నము లేకుండుటయే ఈ గోడలకు బలము: వాననీరు రాళ్ల సందులనుండి మెల్లగా జారిపోవును. కాని రైతు తోట విడిచిన నాడు, జారిన రాతిని తిరిగి పెట్టువాడుండడు; గోడ కూలును, మన్ను కదలును. 2011 అక్టోబరు 25న కురిసిన కుంభవృష్టికి వెర్నజ్జ, మొంతెరోస్సొ వీధులు బురదతో నిండెను. రియోమజోరె, మనరోలల నడుమ నున్న 'ప్రేమబాట' 2012లో రాళ్లు విరిగిపడి మూతబడి, 2024లో గాని పూర్తిగా తెరువబడలేదు.

యునెస్కో 1997లో ఈ తీరమును ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. రాళ్లు పేర్చు విద్యను సైతము 2018లో గౌరవించినది. కాని గౌరవపత్రములు గోడలను మోయవు. యాత్రికుల రాకతో ఊళ్లకు ధనము వచ్చుచున్నది. ఆ ధనము కొరకే తోటను వదలి వసతిగృహము నడుపుట సుళువైనది. చూడవచ్చినవారి వలననే చూడదగినది క్షీణించు ప్రమాదమిది.

అందుచే ఇచ్చట నడచువాడు బాట విడువరాదు, గోడ నెక్కరాదు. బాటకు విధించిన రుసుమును సణుగక చెల్లింపవలెను. ఫ్లారెన్సులో పుస్తకము నందుకొన్న చేయియు, కొండపై రాతిని సర్దు చేయియు చేయునది ఒక్కటే పని. కళ ఒకనాడు సృష్టింపబడును, ప్రతిదినము కాపాడబడును.